వంటింటి ప్రశ్నలు – జవాబులు: పంది మాంసం, పాస్తాలతో తేలికైన రాత్రి భోజనం

పంది మాంసం, పాస్తా కలిపి ఇంట్లో వండుకునే విషయమై నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాను. కావలి సోదరి అడిగిన ప్రశ్నలోనే మిగిలినవారి సందేహాలు చాలావరకు ఇమిడి ఉన్నందున, దానికి కొంచెం విపులంగా రాయవలసి వచ్చింది.

ప్రశ్న: ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో మావారికి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు ఎక్కువగా ఉన్నాయని తేలింది. కొవ్వు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. ఆయనకేమో పంది మాంసం అంటే ఇష్టం. చెన్నైలో చదువుకుంటున్న మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడల్లా క్రీము, చీజు దండిగా వేసిన పాస్తా చేయమంటాడు. ఇద్దరికీ నచ్చేలా, తిన్నాక కడుపు బరువెక్కకుండా నలుగురికి ఎలా వండాలి? లేక పంది మాంసాన్ని పూర్తిగా మానిపించడమే మంచిదా?
– ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, మీవారి ఆరోగ్యానికి సంబంధించిన తుది మాట డాక్టరుగారిదే. అయితే పంది మాంసమంతా కొవ్వేనన్న అభిప్రాయం మాత్రం సరైనది కాదు. ఆ జంతువు శరీరంలో కొవ్వు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పైకొవ్వు తీసేసిన తొడ మాంసం పచ్చిది 100 గ్రాములు తీసుకుంటే అందులో కొవ్వు 5 గ్రాములకు అటూ ఇటూగా, మాంసకృత్తులు 20 గ్రాముల దాకా ఉంటాయి. తోలు తీసిన పచ్చి కోడి తొడ మాంసంలో ఉండే కొవ్వుకు ఇది దాదాపు సమానం. నడుము దగ్గర వెన్నెముకకు లోపలి వైపున ఉండే సన్నని మెత్తటి కండలో కొవ్వు ఇంకా తక్కువ. అదే పొట్ట భాగమైతే 100 గ్రాముల్లో సగానికి పైగా కొవ్వే ఉంటుంది, కేలరీలు 500 దాటుతాయి. కాబట్టి మీవారు మానవలసింది మొదట ఆ పొట్ట ముక్కలను, తోలును, తోలుకింద తెల్లగా కనిపించే కొవ్వు పొరను.

చిక్కంతా కొనేచోట వస్తుంది. మన వైపు చిన్న ఊళ్లలో పంది మాంసాన్ని తోలు, కొవ్వు, ఎముక అన్నీ కలిపి కొట్టి తూచి ఇవ్వడం ఎక్కువ. అలా కలిపి కొన్న మాంసంతో తేలికైన వంట చేయడం చాలా కష్టం. దుకాణానికి పొద్దున్నే వెళ్లి, ముక్కలు కొట్టకముందే తొడ కండను విడిగా కోసి ఇమ్మని అడగాలి. ధర కొంచెం ఎక్కువ చెప్పినా ఇవ్వవచ్చు, ఎందుకంటే ఎముక, కొవ్వు తూకంలో కలవవు కాబట్టి మీకు నష్టమేమీ లేదు. ఇంటికి తెచ్చాక పదునైన కత్తితో పైకొవ్వును, కండను కప్పి ఉండే వెండిరంగు పొరను తీసేయండి. ఆ వెండి పొర ఎంత ఉడికించినా మెత్తబడదు, పైగా వేడికి ముడుచుకుపోయి ముక్కను వంకర చేస్తుంది.

ఇక పాస్తా సంగతి. మీ అబ్బాయి అడిగే రకంలో బరువు మాంసం కన్నా క్రీము, చీజుల వల్లే ఎక్కువగా వస్తుంది. నలుగురికి 400 గ్రాముల పాస్తా, 350 గ్రాముల పొట్ట మాంసం, ఒక డబ్బా క్రీము, 100 గ్రాముల చీజు వేసి వండితే ఒక్కొక్కరి వంతుకు వెయ్యి కేలరీలు దాటిపోతాయి. అదే పాస్తా 240 గ్రాములు, కొవ్వు తీసిన తొడ మాంసం 350 గ్రాములు, కూరగాయలు కిలోకు కొంచెం తక్కువగా, నూనె ఒకటిన్నర పెద్ద చెంచాలు అనుకుంటే ఒక్కొక్కరికి సుమారు 430 కేలరీలు, 27 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పళ్లెం మాత్రం నిండుగానే కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి కొవ్వు ఒక్కటే కాదు, పిండిపదార్థం, తీపి, మద్యం కూడా హాని చేస్తాయి. అందువల్ల పాస్తాను కళ్లతో కొలవకుండా తూచి వేయడం అవసరం. తూకం యంత్రం లేకపోతే అరకిలో ప్యాకెట్టులో సగానికి కాస్త తక్కువ తీసుకోండి.

తక్కువ మాంసంతో చేస్తే అది అసలైన పాస్తా కాదేమోనన్న సంకోచం మీ అబ్బాయికి వద్దు. పాస్తా పుట్టిల్లయిన ఇటలీలో మాంసం చాలా వంటకాల్లో పాస్తాకు రుచి పట్టించేంత మోతాదులోనే పడుతుంది. అమాత్రిచె అనే ఊరి పేరు మీద వెలసిన టమాటా పాస్తాలో పంది దవడ మాంసం కొద్దిగా వేస్తారు. బొలోన్యా నగరపు మాంసం సాసు పాకవిధానాన్ని 1982లో అక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేశారు. అందులో పశుమాంసంతో పాటు పంది పొట్ట మాంసం కొంత ఉంటుంది గాని, దాన్ని చాలాసేపు సన్నని సెగ మీద మగ్గించి పాస్తాకు పట్టేంతగానే కలుపుతారు. ఇక మన హోటళ్లలో క్రీముతో చేసి ఇచ్చే కార్బొనారా అనే పాస్తాకు రోము నగరంలో క్రీము వాడరు. గుడ్డు, గొర్రెపాల చీజు, మిరియాలు, పాస్తా ఉడికిన గంజి కలిసి ఆ నునుపు తెస్తాయి. ఇవన్నీ మీవారికి తేలికైన వంటకాలని నేను చెప్పడం లేదు. చిక్కదనం కోసం క్రీము తప్పనిసరి కాదన్న విషయానికి ఇవి సాక్ష్యాలు.

ఇప్పుడు వండే పద్ధతి. 350 గ్రాముల తొడ కండను కండ నారకు అడ్డంగా, చిటికెనవేలి పొడవున, పెన్సిలు లావున కోసుకోండి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా సోంపు, ఒక చెంచా మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు పసుపు, పావు చెంచా ఉప్పుతో కలిపి ముక్కలకు పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. సోంపు ఇక్కడ ముఖ్యం. ఇటలీలోనూ పంది మాంసానికి సోంపు, వెల్లుల్లి, మిరియాలు తోడు చేయడం పాత అలవాటే కాబట్టి, నెల్లూరులో దొరకని ఎండు ఆకుల కోసం మీరు వెతుక్కోనక్కరలేదు.

మందమైన ఇనుప బాణలిని బాగా కాలనిచ్చి, ఒక చెంచా నూనె రాసి, ముక్కలను రెండు విడతలుగా వేయించండి. అన్నీ ఒకేసారి వేస్తే వాటిలోంచి నీరు ఊరి, వేగడానికి బదులు ఉడుకుతాయి, ఎర్రటి రంగు రాదు. రంగు రాకపోతే రుచి రాదు. కొవ్వు తక్కువగా వండేటప్పుడు ఈ మెట్టు మీద పెట్టే శ్రద్ధే మొత్తం వంటను నిలబెడుతుంది. ముక్కలు రెండు వైపులా ఎర్రబడ్డాక తీసి పక్కన పెట్టి, అదే బాణలిలో మిగిలిన నూనె పోసి, రెండు పెద్ద ఉల్లిపాయల తరుగు, రెండు తుంచిన ఎండుమిరపకాయలు వేయండి. ఉల్లి అడుగంటబోతుంటే నూనె పోయకండి. రెండు చెంచాల నీళ్లు చల్లి, గరిటెతో అడుగున అంటిన ఎర్రటి పొరను గీకి కలపండి. మాంసపు సారమంతా ఆ పొరలోనే ఉంటుంది.

ఉల్లి మెత్తబడ్డాక అరకిలో టమాటాలను తురిమిగాని మిక్సీలో తిప్పిగాని పోసి, అర చెంచా ఉప్పు వేసి, పచ్చివాసన పోయి దగ్గరపడేదాకా పది నిమిషాలు ఉడికించండి. నాటు టమాటాలైతే పులుపు నిండుగా ఉంటుంది. అప్పుడు మాంసం ముక్కలను, వాటి నుంచి ఊరిన రసంతో సహా వేసి, ఒక గ్లాసు వేడినీళ్లు పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు మగ్గనివ్వండి. చివరి పది నిమిషాల్లో వంద గ్రాముల బీన్సు ముక్కలు, గుప్పెడు లేత మునగాకు, చివరి నాలుగు నిమిషాల్లో రెండు కాప్సికంల ముక్కలు వేయండి. మాంసం చెంచాతో నొక్కితే తెగాలి. తెగకపోతే ఇంకొంచెం వేడినీరు పోసి మరో అయిదు నిమిషాలు ఉంచండి.

ఈలోపు పక్క పొయ్యి మీద రెండున్నర లీటర్ల నీళ్లు మరగనిచ్చి, రెండు చెంచాల ఉప్పు వేసి, పాస్తా వేయండి. ఈ ఉప్పులో ఎక్కువ భాగం వార్చిన నీటితోనే పోతుంది. రక్తపోటు కూడా ఉన్నవారైతే దాన్ని సగానికి తగ్గించవచ్చు. ప్యాకెట్టు మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే, మధ్యలో కొంచెం పలుకు ఉండగా, ఒక పెద్ద గ్లాసు గంజి పక్కన తీసిపెట్టి మిగతాది వార్చేయండి. వార్చిన పాస్తాను వెంటనే మాంసం బాణలిలో వేసి, అర గ్లాసు గంజి పోసి, పెద్ద సెగ మీద ఒక నిమిషం ఎగరేసి కలిపితే, గంజిలోని పిండి, కాస్తంత నూనె, టమాటా గుజ్జు ఒకటై పాస్తాకు నిగనిగలాడే పూతలా పడతాయి. క్రీము చేసే పనిని ఇక్కడ ఈ గంజి చేస్తుంది.

పొయ్యి ఆపిన తరువాతే అర చెక్క నిమ్మరసం పిండండి. పొదలకూరు నిమ్మకాయలు తెలిసిన మన వైపువారికి, చేపల పులుసులో మామిడికాయ ముక్క వేసుకునే మన నాలుకలకు, ఈ చివరి పులుపు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నోటికి తెలియదు కనుక, రోజుకు 5 గ్రాముల ఉప్పు హద్దును పాటించవలసిన ఇళ్లలో దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

మీ అబ్బాయికి క్రీము కోరిక మరీ ఉంటే, పావుకిలో తియ్యగుమ్మడి ముక్కలను ఉడికించి, అర గ్లాసు వెన్న తీసిన పాలతో మెత్తగా రుబ్బి, టమాటాలో సగం తగ్గించి దీన్ని కలపండి. రంగు, చిక్కదనం రెండూ వస్తాయి. చీజును కలిపి ఉడికించకుండా, వడ్డించేటప్పుడు ఒక్కొక్కరి పళ్లెంలో పది గ్రాములు సన్నగా తురిమి పైన చల్లితే, వాసన ముందుగా ముక్కుకు తగిలి కొద్దిపాటిలోనే తృప్తి కలుగుతుంది. పక్కన దోసకాయ, ముల్లంగి ముక్కలు పెట్టండి. రొట్టె, వేపుడు బంగాళాదుంప, తీపి పానీయం పెడితే ఇంతసేపు పడిన శ్రమ వృథా అవుతుంది.

ఈ వంటకం వారానికి ఒకసారి చేసుకోవచ్చునా అంటే, మీవారు మిగిలిన రోజుల్లో మేక, గొర్రె మాంసాలు ఎక్కువగా తినకపోతే చేసుకోవచ్చు. పోషక శాస్త్రం లెక్కలో పంది మాంసం కూడా మేక మాంసంలాగే, మితంగా తినవలసిన ఎర్ర మాంసం కిందికే వస్తుంది. ఇందులో బి1 విటమిన్ మిగతా మాంసాలన్నిటికన్నా దండిగా ఉంటుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యం తినే మనకు అది మేలే.

ప్రశ్న: పంది మాంసంలో పురుగులుంటాయని, అవి మెదడుకు ఎక్కి మూర్ఛలు వస్తాయని ఇంట్లో పెద్దలు భయపెడుతున్నారు. మరోవైపు, లోపల కాస్త గులాబీ రంగు మిగిలేలా వండితేనే మెత్తగా ఉంటుందని మా తమ్ముడు వాదిస్తాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పెద్దల భయానికి ఆధారం ఉంది, అయితే జబ్బు వచ్చే దారి వారనుకున్నట్టు కాదు. బద్దెపురుగు (టేప్‌వర్మ్) పిల్లలు దాగిన తిత్తులున్న పంది మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే ఆ పురుగు మనిషి పేగులో పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావడానికి కారణం మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోవడం. అవి బద్దెపురుగు ఉన్న మనిషి మలం నుంచి నీటి ద్వారా, కడగని చేతుల ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా చేరతాయి. అందుకే జీవితంలో పంది మాంసం ముట్టని వారికి కూడా ఈ మూర్ఛలు వస్తున్నాయి. కాబట్టి మాంసాన్ని బాగా ఉడికించడం ఎంత ముఖ్యమో, పక్కన పెట్టుకునే దోసకాయను, కొత్తిమీరను పారే నీటిలో బాగా కడగడం, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అంతే ముఖ్యం.

మీ తమ్ముడి మాటకూ మూలం లేకపోలేదు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది మాంసపు పెద్ద ముక్కలకు 63 డిగ్రీల సెల్సియస్ లోపలి వేడి, ఆపైన మూడు నిమిషాల విరామం చాలునని తన సలహాను సవరించింది. ఖీమాకు మాత్రం 71 డిగ్రీలనే ఉంచింది. ఆ సలహా అక్కడి పెంపకశాలలను, పశువైద్యుల తనిఖీని దృష్టిలో ఉంచుకుని ఇచ్చినది. వీధుల్లో తిరిగి మేసే పందుల మాంసం కూడా అమ్ముడయ్యే మన ఊళ్లలో ముక్క మధ్యలో గులాబీ రంగు ఏమాత్రం మిగలకుండా, 71 డిగ్రీలు దాటేలా ఉడికించడమే నా గట్టి సలహా. కోసేటప్పుడు కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు కనిపిస్తే ఆ మాంసాన్ని వండకండి. నిమ్మరసం, ఉప్పు, కారం పట్టించినంత మాత్రాన ఈ తిత్తులు చావవు. గడ్డకట్టించడం వల్ల చస్తాయన్నది నిజమే గాని, కరెంటు పోతూ వస్తూ ఉండే ఇంటి ఫ్రిజ్‌ను ఆ పనికి నమ్ముకోరాదు. సన్నగా కోసి టమాటా రసంలో మూతపెట్టి మగ్గిస్తే, పూర్తిగా ఉడికి కూడా మెత్తగానే ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరి మాటా అలా నెగ్గుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో తోలు, కొవ్వుతో కలిపి కొట్టిన మాంసమే దొరుకుతుంది. విడిగా కండ ఇమ్మంటే ఇవ్వరు. దీన్ని తేలిక చేసుకునే మార్గం ఉందా? త్వరగా ఉడకడానికి వంటసోడా వేయవచ్చా?
– ఒక సోదరి, పొదిలి

జవాబు: మార్గం ఉంది, అయితే వంట ముందురోజే మొదలుపెట్టాలి. కనిపించిన తోలు, కొవ్వు కోసి తీసేసి, మిగిలిన ముక్కలను అల్లం, కొంచెం ఉప్పు, మునిగేంత నీళ్లతో కుక్కరులో నాలుగు విజిళ్లు రానివ్వండి. ముక్కలను, రసాన్ని వేరుచేసి, చల్లారాక రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవారేసరికి కరిగిన కొవ్వంతా రసం మీద తెల్లటి పొరగా గట్టిపడుతుంది. దాన్ని చెంచాతో ఎత్తి పారేయవచ్చు. అడుగున మిగిలిన రసాన్ని మాత్రం పారబోయకండి. బి1 విటమిన్ నీటిలో కరిగేది కాబట్టి మాంసం నుంచి చాలా భాగం ఆ రసంలోకే దిగి ఉంటుంది. పై జవాబులో చెప్పిన వేడినీళ్లకు బదులు ఆ రసాన్నే టమాటాలో పోయండి. ముక్కలు ముందే ఉడికినవి గనుక ఎముకలు తీసి, కండను విడదీసి, చివరి పది నిమిషాల్లో వేస్తే చాలు.

వంటసోడా వద్దమ్మా. సోడా వల్ల కలిగే క్షారగుణం ఆ బి1 విటమిన్‌ను చెడగొడుతుంది, పైగా మాంసానికి సబ్బులాంటి వాసన పడుతుంది. మెత్తదనం కావాలంటే అరకిలోకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి అరగంట ఉంచండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే కండ పిండి పిండిగా అయిపోతుంది.

ప్రశ్న: మా అత్తగారు పంది మాంసం తినరు, అది వండిన గిన్నెను కూడా ముట్టరు. మా మరిదికి, పిల్లలకు అది కావాలి. రెండు వంటలు చేసే ఓపిక నాకు లేదు. ఒకే పూటలో ఎలా సర్దుకోవాలి?
– ఒక సోదరి, నెల్లూరు

జవాబు: పెద్దావిడ పట్టింపును గౌరవిస్తూనే మీ శ్రమ తగ్గించుకునే వీలుంది. ఉల్లి, టమాటా, బీన్సు, కాప్సికంలతో రసాన్ని మామూలు గిన్నెలో అందరికీ కలిపి చేయండి. పాస్తానూ ఒకేసారి ఉడికించండి. ఆవిడ వంతు రసంలో ముందురాత్రి నానబెట్టి ఉడికించిన కాబూలీ శనగలు గుప్పెడు వేసి, పాస్తా కలిపి, ముందుగానే తీసి మూతపెట్టండి. శనగలు కలిసిన పాస్తా ఇటలీ పల్లెల్లోనూ పాత వంటకమే, మాంసకృత్తులకూ లోటు రాదు. ఆ తరువాతే, పంది మాంసానికని కేటాయించిన బాణలిలో ముక్కలు వేయించి, మిగిలిన రసం అందులో పోసి మగ్గించండి. ఈ క్రమం తప్పకూడదు. బాణలి, గరిటె, కోసే చెక్క మూడూ విడిగా ఉంచి, వేరే పీచుతో తోమండి. పచ్చి మాంసం తగిలిన చెక్క మీద కూరగాయలు కోయకపోవడం పట్టింపు లేని ఇళ్లలో కూడా పాటించవలసిన శుభ్రతే.

ప్రశ్న: మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఉంది, రాత్రిపూట మాత్ర వేసుకుంటారు. పాస్తా మైదాతో చేసినది కదా, ఆయనకు పెట్టవచ్చా? కొర్రల పాస్తా, రాగి పాస్తా అని అమ్ముతున్నవి మంచివేనా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: అన్ని పాస్తాలూ మైదావి కావు. మంచి పాస్తాను దురుమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఇటలీలో ఎండు పాస్తాకు ఆ రవ్వే వాడాలని చట్టమే ఉంది. ఆ రవ్వలోని మాంసకృత్తులు పిండి రేణువులను గట్టిగా చుట్టి పట్టి ఉంచుతాయి కనుక, పలుకుగా వండిన పాస్తా తెల్లన్నం కన్నా, మైదా రొట్టె కన్నా నిదానంగా అరుగుతుంది, రక్తంలో చక్కెర కూడా నిదానంగా పెరుగుతుంది. మెత్తగా ముద్దయ్యేలా ఉడికిస్తే ఆ ప్రయోజనం చాలావరకు పోతుంది. ప్యాకెట్టు వెనక ఉన్న దినుసుల పట్టీలో ఏది ముందు రాసి ఉంటే అది ఎక్కువ పాలు ఉన్నట్టు లెక్క. ముందు వైపు కొర్రల బొమ్మ, రాగుల బొమ్మ వేసి, వెనక మొదటి పేరు మైదా అని ఉంటే దానికి ఎక్కువ ధర పెట్టకండి. కొర్రలు, రాగులు మన ప్రకాశం మెట్ట పొలాల్లో పండేవే. వాటిని అన్నంగా, సంకటిగా తినడం ఎలాగూ మేలు.

నాన్నగారికి ఎండు పాస్తా 50 గ్రాములకు మించకుండా, మాంసం 80 నుంచి 90 గ్రాములు, మిగతా పళ్లెమంతా కూరగాయలు ఉండేలా వడ్డించండి. ముందుగా కూరగాయలు, మాంసం కొంత తిని ఆ తరువాత పాస్తా తినమనండి. ఆ వరుస వల్ల చక్కెర ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది. అదే పూట అన్నం గాని చపాతీ గాని మళ్లీ పెట్టకూడదు. రాత్రి ఎనిమిది లోపు భోజనం ముగించి, మొదటిసారి తిన్నప్పుడు రెండు గంటల తరువాత చక్కెర చూసి రాసిపెట్టుకోండి. ఆ అంకెను డాక్టరుగారికి చూపిస్తే నాన్నగారికి ఎంత పెట్టాలో నాకన్నా కచ్చితంగా ఆయనే చెబుతారు. మూత్రపిండాల సమస్య కూడా ఉంటే మాంసం మోతాదును ముందే అడగాలి.

ప్రశ్న: మాంసం కోసే పని లేకుండా బేకన్, సాసేజ్ ప్యాకెట్లతో పాస్తా చేసుకోవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: ఎప్పుడో ఒకసారి, రుచికి రెండు ముక్కలు వేసుకుంటే తప్పు లేదు గాని, తేలికైన భోజనానికి ఇవి సరిపోవు. రెండింటిలోనూ కొవ్వు, ఉప్పు ఎక్కువ. ఇలా ఉప్పు, నైట్రైట్ అనే నిలవ రసాయనం లాంటివి పట్టించి నిలవచేసిన మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని కూడా చెప్పింది. పిల్లలకు ఆ అలవాటు చేయకండి. కోసే శ్రమ తగ్గాలంటే కొవ్వు లేని తొడ కండను దుకాణంలోనే ఖీమా కొట్టించుకుని, సోంపు, వెల్లుల్లి, మిరియాలు కలిపి చిన్న ఉండలు చేసి టమాటా రసంలో ఉడికించండి. సాసేజ్ రుచి దాదాపుగా వస్తుంది.

ప్రశ్న: ఎంత జాగ్రత్తగా చేసినా పాస్తా ముద్దకట్టి అంటుకుంటోంది. ఉడికే నీటిలో నూనె వేయాలా? పాస్తా లేనప్పుడు సేమియాతో చేయవచ్చా?
– ఒక సోదరి, ఆత్మకూరు

జవాబు: నూనె వేయనక్కరలేదు. అది పాస్తాకు జిడ్డులా పట్టి, తరువాత కలిపే రసాన్ని అంటనివ్వదు, అనవసరపు కొవ్వు కూడా. నీళ్లు చాలినన్ని ఉండాలి, అవి తెర్లుతున్నప్పుడే పాస్తా వేయాలి, మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి. అంటుకునేది ఎక్కువగా ఆ రెండు నిమిషాల్లోనే. వార్చాక చన్నీళ్లు పోసి కడిగితే పైనున్న పిండి పోయి రసం నిలవదు. రసం ముందు సిద్ధంగా ఉంచుకుని, పాస్తాను దాని కోసం ఆగనివ్వకుండా వెంటనే కలిపేయండి. సేమియా సన్నగా ఉండి త్వరగా మెత్తబడుతుంది కనుక ఈ చిక్కటి రసానికి నిలవదు. దోరగా వేయించి ఉప్మాలా చేసుకుంటే బాగుంటుంది గాని, మాంసంతో మగ్గించవద్దు.

ప్రశ్న: మిగిలిపోయిన పంది మాంసం పాస్తాను మర్నాడు తినవచ్చా? వేసవిలో త్వరగా పాడవుతోంది.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తినవచ్చు. మామూలు రోజుల్లో వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మే నెల ఎండల్లో, రోహిణి కార్తె రోజుల్లో, వంటిల్లు రాత్రి కూడా చల్లబడని మన వైపు అయితే గంట దాటనివ్వకండి. వేడి గిన్నెను అలాగే పెట్టకుండా వెడల్పు పళ్లెంలో పరిచి ఆవిరి పోనిచ్చి, లోతు తక్కువ డబ్బాల్లో సర్దండి. మిగులుతుందని ముందే తెలిస్తే మాంసం రసాన్ని, పాస్తాను విడివిడిగా ఉంచండి, కలిపి ఉంచితే పాస్తా రసాన్నంతా పీల్చి మెత్తబడుతుంది. రెండు రోజులకు మించి నిలవ ఉంచవద్దు. తినబోయే ముందు రసంలో రెండు చెంచాల నీళ్లు పోసి, బుడగలు వచ్చి ఆవిరి లేచేదాకా మరగనిచ్చి, అప్పుడు పాస్తా కలపండి. ఒకసారి వేడిచేసి మిగిలినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకండి.